ఘాట్ దిగే లారీకి ఎగ్జాస్ట్ బ్రేక్: పొల్యూషన్, ఎఫ్‌సీ రెండూ పాసవ్వాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2018 మోడల్, బీఎస్-4 (భారత్ స్టేజ్ పొగ ప్రమాణం), ఆరు టైర్ల లారీ. మదనపల్లె మార్కెట్లో టమాటా ఎత్తుకుని రాయచోటి మీదుగా కడపకు వస్తారు. గువ్వలచెరువు ఘాట్ దిగేసరికి డ్రమ్ములు మాడు వాసన వస్తున్నాయి, పెడల్ కిందికి పోతోంది. స్క్రాప్‌కి వచ్చిన లారీ నుంచి ఊడదీసిన ఎగ్జాస్ట్ బ్రేక్ ఉందని, తక్కువలో బిగిస్తానని మెకానిక్ అంటున్నాడు. అది పెట్టిస్తే పొల్యూషన్ టెస్టు పాసవుతుందా, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు బ్రేకిన్‌స్పెక్టర్ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) ఆపుతాడా, మీ బావగారి బీఎస్-6 బండికీ పెట్టించొచ్చా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. మీ బండికి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టించవచ్చు, పెట్టిస్తే మంచిదే. కానీ ఆ స్క్రాప్ ముక్క వద్దు. మీ ఇంజిన్‌కి కంపెనీ ఇచ్చే కిట్టే, బిల్లుతో సహా కావాలి. బావగారి బీఎస్-6 బండికి బయటి నుంచి ఏదీ తగిలించకండి. ఎందుకో వివరంగా రాస్తాను. ఇది డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, కింద లోయ ఉన్న రోడ్డు మీద మీ ప్రాణానికి, ఎదురొచ్చేవాళ్ల ప్రాణానికి సంబంధించింది.

ఎగ్జాస్ట్ బ్రేక్ అంటే టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసేది) దాటాక పొగ గొట్టంలో కూర్చునే ఒక రేకు. మామూలుగా అది గొట్టానికి సమాంతరంగా, పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. స్విచ్చి నొక్కితే గాలి సిలిండరు దాన్ని అడ్డంగా తిప్పుతుంది. అప్పుడు ఇంజిన్ బయటికి నెట్టే గాలికి దారి ఉండదు. పిస్టన్ పైకి వచ్చిన ప్రతిసారీ ఆ ఒత్తిడికి ఎదురు తోయాలి. ఆ తోపుకు కావలసిన బలం చక్రాల నుంచి వస్తుంది కాబట్టి బండి నెమ్మదిస్తుంది. డ్రమ్ములో రాపిడి లేదు, లైనర్లు అరగవు, వేడంతా ఇంజిన్ మీదుగా, రేడియేటరు మీదుగా పోతుంది.

అది ఎంత పనిచేస్తుందో లెక్క వేసి చూద్దాం. 18 టన్నుల బండి, వంద మీటర్లకు 5 మీటర్లు దిగే వాలు, గంటకు 30 కి.మీ. వేగం అనుకోండి. వేగం పెరగకుండా పట్టి ఉంచడానికి సుమారు 73 కిలోవాట్లు, అంటే దాదాపు 100 హార్స్‌పవర్ నిరంతరం ఖర్చవ్వాలి. టైర్ల రాపిడి అందులో 12 దాకా తింటుంది. 5.7 లీటర్ల ఇంజిన్ 2400 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే దాని సొంత రాపిడికి 20 పైచిలుకు పోతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ లేకపోతే మిగిలిన 40 కిలోవాట్లూ మీ డ్రమ్ముల్లోనే వేడిగా మారాలి. ఘాట్ పొడవునా, నిమిషాల తరబడి. ఇప్పుడు 3 బార్ ఒత్తిడి నిలబెట్టే ఎగ్జాస్ట్ బ్రేక్ వేస్తే అదే ఇంజిన్, అదే ఆర్‌పీఎంలో 34 కిలోవాట్లు అదనంగా మింగుతుంది. డ్రమ్ములకు మిగిలేది ఐదో ఆరో కిలోవాట్లు. అంతటి తేడా ఉంది కాబట్టే ఘాట్ల మీద తిరిగే బండికి ఇది ఉండాలని నేను గట్టిగా చెబుతాను.

ఈ లెక్కలోనే ఇంకో మాట ఉంది. 34 వచ్చింది 2400 ఆర్‌పీఎం దగ్గర. అదే ఇంజిన్ 1200లో తిరుగుతుంటే లోపలికి పోయే గాలి సగం, దానివల్ల నిలిచే ఒత్తిడీ తక్కువ. అందులో మూడో వంతు కూడా రాదు. టాప్ గేర్లో ఘాట్ దిగుతూ ఎగ్జాస్ట్ బ్రేక్ నొక్కి "ఇది పనిచేయట్లేదన్నా" అనే డ్రైవర్లు చాలామంది ఉన్నారు. ముక్కలో లోపం లేదు. గేరు తగ్గించకపోతే ఏ ఎగ్జాస్ట్ బ్రేకూ పట్టదు.

డ్రమ్ములు వేడెక్కినప్పుడు రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. లైనర్ పట్టు తగ్గుతుంది. డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరం జరుగుతుంది, అందుకే బూస్టరు రాడ్డు ఎక్కువ దూరం రావలసి వస్తుంది. మీరు చెప్పిన "పెడల్ కిందికి పోవడం" బహుశా ఇదే. అయితే దీన్ని ఎగ్జాస్ట్ బ్రేక్‌తో కప్పిపుచ్చకండి. ముందు నాలుగు మూలలా స్లాక్ అడ్జస్టర్లు (షూకు డ్రమ్ముకు మధ్య సందు సరిచేసేవి) సరిగా ఉన్నాయా, లైనర్లు ఎంత మిగిలాయి, డ్రమ్ములు లేత్ మీద పరిమితికి మించి చెక్కించారా అని చూపించుకోండి. ఎఫ్‌సీలో బ్రేకు టెస్టు రోలర్ల మీద జరిగేచోట కుడి ఎడమల మధ్య తేడా యంత్రమే చెబుతుంది. అక్కడ ఎగ్జాస్ట్ బ్రేక్ మిమ్మల్ని కాపాడదు.

ఇక పొల్యూషన్ సంగతి. డీజిల్ బండికి చేసేది పొగ నలుపు కొలిచే పరీక్ష. ఇంజిన్ బాగా వేడెక్కాక, న్యూట్రల్‌లో, యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కుతారు. గవర్నర్ (ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే పరికరం) పట్టేదాకా ఇంజిన్ ఎగిరే ఆ క్షణంలో వచ్చే పొగను మీటరు కొలుస్తుంది. ఇలా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. బీఎస్-4కి ముందు బండ్లకు పరిమితి 65 హెచ్‌ఎస్‌యూ (పొగ నలుపును కొలిచే ప్రమాణం), బీఎస్-4 బండికి 50. మీది 50 కిందకు రావాలి. సర్టిఫికెట్ బీఎస్-4కి ఏడాది చెల్లుతుంది, అంతకుముందు బండ్లకు ఆరు నెలలే.

ఎగ్జాస్ట్ బ్రేక్ రేకు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఈ పరీక్ష మీద దాని ప్రభావం దాదాపు ఉండదు. పూర్తిగా తెరుచుకోకపోతే? గొట్టం సగం మూసినట్టే. పాత పొగ బయటికి పోలేదు, టర్బో తిరగాల్సినంత తిరగలేదు, సిలిండర్లోకి గాలి చాల్లేదు, డీజిల్ మాత్రం పడింది. నల్లగా కక్కుతుంది. పొల్యూషన్ ఫెయిలైన బండ్లకు ఇంజెక్టర్లు మార్చి, పంపు సర్వీసు చేయించి, డబ్బు పోసి, చివరికి ఎగ్జాస్ట్ బ్రేక్ రేకు మసి పట్టి సగంలో ఇరుక్కుందని తేలిన సందర్భాలు నాకు తెలుసు. పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం, ఎక్కుడు మీద టర్బో ఎర్రబారడం ఇవన్నీ అదే రోగానికి గుర్తులు.

దీన్ని చూడడం ఏ ల్యాప్‌టాపూ లేకుండా అయ్యే పని. బండి చల్లారాక కిందికి దూరి గాలి సిలిండరు రాడ్డుకు, రేకు లివరుకు మధ్య ఉన్న పిన్ను తీయండి. లివరును రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పండి. వదిలితే ఎక్కడా పట్టకుండా తిరగాలి. ఎక్కడైనా బిరుసుగా తగిలితే ఇరుసు దగ్గర మసి గట్టిపడిందన్నమాట. వేడిని తట్టుకునే కందెన వేసి, ఓపిగ్గా ఆడించి వదిలించాలి. సుత్తితో కొడితే ఇరుసు వంగుతుంది, అప్పుడు ఆ ముక్క పారేయాల్సిందే. తర్వాత పిన్ను మళ్లీ పెట్టి, ఒకరు క్యాబిన్‌లో స్విచ్చి నొక్కుతుంటే మరొకరు కింద చూడండి. లివరు ఆపే బోల్టును తాకేదాకా పోవాలి, వదలగానే స్ప్రింగు టప్పున వెనక్కి లాగాలి. నెమ్మదిగా వస్తే ఆ స్ప్రింగు అలసిపోయింది. ఫ్లాంజి చుట్టూ కూడా ఒకసారి టార్చి వేయండి. గాస్కెట్ దగ్గర నల్లటి చారలు కనిపిస్తే అక్కడ లీకు ఉంది. మామూలు రోజుల్లో వినపడని ఆ లీకు, రేకు మూసిన ఒత్తిడికి ఈలలా అరుస్తుంది.

స్క్రాప్ ముక్క వద్దని అందుకే అంటున్నాను. వాడిన ముక్కలో ఇరుసు బుష్షులు అరిగి ఉంటాయి. రేకు కొద్దిగా వంకర తిరిగి ఉంటుంది. కంటికి బాగానే కనబడుతుంది, వేడెక్కాక పట్టేస్తుంది. అంతకన్నా పెద్ద సమస్య ఒత్తిడి. రేకులో చిన్న రంధ్రమో, అంచుల్లో సందో కావాలనే వదులుతారు. లోపల ఎంత ఒత్తిడి నిలవాలో నిర్ణయించేది అదే. పెద్ద ఇంజిన్ గాలికి సరిపోయేలా చేసిన రేకును చిన్న ఇంజిన్‌కు పెడితే పట్టదు. చిన్న ఇంజిన్ రేకును పెద్దదానికి పెడితే ఒత్తిడి మితిమీరుతుంది. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వు స్ప్రింగును ఆ ఒత్తిడి గెలుస్తుంది. మూసి ఉండాల్సిన వాల్వు తనంతట తాను తెరుచుకుని, మళ్లీ సీటు మీద పడి కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు సీటు దెబ్బతిని కంప్రెషన్ పోతుంది. కంప్రెషన్ పోయిన ఇంజిన్ పొగ పోస్తుంది. అంటే మళ్లీ పొల్యూషన్ దగ్గరికే వచ్చాం.

ప్రతి ఇంజిన్‌కూ ఎగ్జాస్ట్‌లో ఎంత ఒత్తిడి వరకు తట్టుకోగలదో కంపెనీ ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య తెలియకుండా బిగించే మెకానిక్‌ను నమ్మకండి. కొత్త కిట్ పెట్టించినా సరే, టర్బోకు రేకుకు మధ్య ఒక చిన్న మరబోల్టు రంధ్రం ఉంచమనండి. దానికి జానెడు స్టీలు గొట్టం తగిలించి, చివర ప్రెజరు గేజీ పెట్టి, ఒకసారి వాలులో పూర్తి ఆర్‌పీఎంలో చూడాలి. గేజీని నేరుగా తగిలిస్తే వేడికి పాడవుతుంది, అందుకే గొట్టం. కొలిచాక బోల్టు బిగించేయొచ్చు. ఈ ఒక్క కొలత తీసుకున్న బండికి, తీసుకోని బండికి ఇంజిన్ ఆయుష్షులో తేడా ఉంటుంది.

టర్బో గురించి కూడా చెప్పాలి. రేకు మూసినప్పుడు టర్బో వేడివైపు ఒత్తిడి పెరుగుతుంది, చల్లటివైపు గాలి తోపు ఉండదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే అటువైపు పీల్పు ఏర్పడి సీలు దాటి ఆయిల్ వస్తుంది. ఘాట్ దిగాక మొదటిసారి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నీలంగా పొగ వస్తే ఇక్కడ అనుమానించండి. ఇప్పటికే ఆడుతున్న టర్బో ఉన్న బండికి ఎగ్జాస్ట్ బ్రేక్ పెట్టడమంటే దాన్ని తొందరగా చంపడమే. ముందు టర్బో ఇరుసు ఆట చూపించండి, తర్వాతే కిట్.

బిగించే చోటు మీద రాజీ పడకండి. మీది బీఎస్-4 కాబట్టి కంపెనీని బట్టి పొగ శుద్ధికి యూరియా వాడే ఎస్‌సీఆర్ పద్ధతి గానీ, పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతి గానీ ఉంటుంది. ఏదైనా సరే రేకు టర్బో దగ్గరే, పొగ శుద్ధి చేసే క్యాటలిస్ట్‌కు ముందే ఉండాలి. యూరియా చల్లే ముక్కుకు, క్యాటలిస్ట్‌కు మధ్య ఎప్పుడూ పెట్టకూడదు. అక్కడ రేకు మీద యూరియా పేరుకుని తెల్లటి గడ్డ కడుతుంది, రేకు పట్టేస్తుంది, నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల) సెన్సర్ తప్పు చూపిస్తుంది. గొట్టం కోసి ఫ్లాంజిలు వెల్డింగ్ చేసే పద్ధతికి నేను వ్యతిరేకిని. వెల్డింగ్ ముద్ద లోపలికి పొడుచుకుని రేకుకు తగలడం, తర్వాత క్యాటలిస్ట్‌లోకి ముక్కలు రాలడం జరుగుతుంది. కంపెనీ కిట్‌లో గొట్టంతో సహా వస్తుంది, బోల్టులు బిగిస్తే చాలు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 113వ నియమం ప్రకారం పొగ గొట్టానికి, డీజిల్ పైపుకు మధ్య 35 మిల్లీమీటర్ల దూరం తప్పనిసరి. కొత్త గొట్టం పెట్టాక ఈ దూరం స్కేలు పెట్టి చూసుకోండి. చాలామంది గాలి పైపును కూడా ఆ వేడి గొట్టం మీదుగానే లాగుతారు. ఘాట్ మధ్యలో కరిగి గాలి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

గాలి ఎక్కడి నుంచి తీస్తున్నాడన్నది ఇంకా ముఖ్యం. పని సులువని కొందరు బ్రేకు ట్యాంకుకు పోయే పైపులోనే టీ వేసి కలుపుతారు. అది నేరం లాంటిది. ఎగ్జాస్ట్ బ్రేక్ గొట్టం పగిలితే మెయిన్ బ్రేకు గాలి దాంతోపాటు పోతుంది. నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వులో అదనపు పరికరాలకు వేరే దారి ఉంటుంది. అక్కడి నుంచే తీయాలి. బిగించాక పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి, ఎగ్జాస్ట్ బ్రేక్ గాలి పైపు ఊడదీసి వదిలేయండి. డాష్‌బోర్డులో బ్రేకు గేజీలు కొంత తగ్గి ఒకచోట ఆగి నిలబడాలి. సున్నాకు జారిపోతే ఆ మెకానిక్ పని ఒప్పుకోకండి.

ఇక వైరింగ్. మీ బండి కామన్ రైల్ (డీజిల్ చల్లడాన్ని కంప్యూటర్ నడిపే పద్ధతి) అయితే యాక్సిలరేటర్ వదలగానే డీజిల్‌ను ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, తానే ఆపేస్తుంది. పాత ఇన్‌లైన్ పంపు బండ్లకైతే రేకు సిలిండరుతో పాటు పంపు స్టాప్ లివరును లాగే ఇంకో చిన్న సిలిండరు ఉండేది. కాలి కింద బటన్ నొక్కితే రెండూ కలిసి పనిచేసేవి. కామన్ రైల్ అయితే మీకు ఆ రెండోది అక్కర్లేదు. కానీ యాక్సిలరేటర్ తొక్కినా, క్లచ్ తొక్కినా, ఆర్‌పీఎం బాగా పడిపోయినా రేకు దానంతట అదే తెరుచుకోవాలి. రేకు మూసి ఉండగా యాక్సిలరేటర్ పడితే పొగ, వేడి, ఒత్తిడి మూడూ ఇంజిన్ నెత్తిన పడతాయి. మీ మోడల్‌లోనే ఎగ్జాస్ట్ బ్రేక్‌తో వచ్చిన రకం ఉంటే ఈసీయూలో దీనికి దారి ఇప్పటికే ఉండే అవకాశం ఎక్కువ. సర్వీసు సెంటర్లో ల్యాప్‌టాప్ పెట్టి ఆన్ చేస్తారు. బయట వైర్లు కోసి అతికిస్తే ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఎఫ్‌సీ రోజు ఆ లైటుకు మీ దగ్గర సమాధానం ఉండదు. ఏబీఎస్‌తో (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) కూడా కలపాలి. ఖాళీ బండి, తడి రోడ్డు, వెనక చక్రాలు ఎగ్జాస్ట్ బ్రేక్‌కే జారిపోతాయి. అలాంటప్పుడు దాన్ని తెంచేసే రిలే ఏబీఎస్‌లో ఉంటుంది. ఆ కనెక్షన్ లేని బిగింపు సగం పనే.

చట్టం సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ సీ-బుక్‌లో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. అదే సెక్షన్‌లో మార్పు అంటే బండి నిర్మాణంలో దాని మౌలిక లక్షణాన్ని మార్చే మార్పు అని వివరణ ఉంది. ఎగ్జాస్ట్ బ్రేక్ వల్ల ఇంజిన్ మారదు, బరువు పరిమితి మారదు, ఇంధనం మారదు, సీ-బుక్‌లో ఏ గడీ మారదు. కాబట్టి నా చదువు ప్రకారం, తయారీదారు తన మోడల్‌కు తానే ఇచ్చిన ముక్కను తన సర్వీసు సెంటర్లోనే పెట్టిస్తే మీరు గట్టి నేల మీద ఉన్నట్టే. స్క్రాప్ ముక్క, కోసిన గొట్టం, బిల్లు లేదు అంటే పరిస్థితి వేరు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం, అనుమతి లేని విడిభాగాలు తగిలించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చంటుంది. పొగ పరిమితి దాటి రోడ్డెక్కితే 190(2) కింద రూ.10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు అనర్హత కూడా ఉన్నాయి.

అందుకే పని మొదలుపెట్టక ముందే మీ కంపెనీ డీలరుకు ఒక మెయిల్ పెట్టండి. మీ మోడల్, ఇంజిన్ కోడ్ రాసి, దీనికి కంపెనీ ఎగ్జాస్ట్ బ్రేక్ కిట్ ఉందా, దాని పార్ట్ నంబరు ఎంత, పెట్టిస్తే ఉద్గార ప్రమాణాలకు భంగం లేదని రాసిస్తారా అని అడగండి. నోటిమాటగా సరేనంటే సరిపోదు, రాతపూర్వకంగా కావాలి. ఆ జవాబు, పార్ట్ నంబరున్న బిల్లు, బిగించిన జాబ్ కార్డు మూడూ బండి కాగితాల ఫైల్లో పెట్టండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఒక లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రమాదం జరిగాక "చెప్పకుండా మార్చారు" అనే మాట రాకుండా ఉంటుంది. మీ మోడల్‌కు కిట్ లేదని డీలరు రాస్తే మాత్రం అక్కడితో ఆపేయండి. బయటి కిట్ వైపు వెళ్లకండి.

ఈ విషయంలో అమెరికాలోని కాలిఫోర్నియా పద్ధతి నాకు నచ్చుతుంది. డీజిల్ పికప్‌ల వెనక ట్రైలర్ లాగే మనవాళ్లు అక్కడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. అక్కడ వెహికల్ కోడ్ 27156 ప్రకారం ఉద్గారాల వ్యవస్థను ప్రభావితం చేసే బయటి భాగం ఏదైనా బిగించాలంటే ఆ రాష్ట్ర ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు దానికి ఉండాలి. 1998, ఆ తర్వాతి మోడళ్లలో 14,000 పౌండ్ల లోపు డీజిల్ బండ్లకు స్మాగ్ చెక్ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ ఇంజిన్ గదిలోకి చూసినప్పుడు ఏదైనా కొత్త ముక్క కనబడితే నంబరు అడుగుతాడు. నంబరుంటే పాస్, లేకపోతే ఫెయిల్. ఒక్కో భాగానికి నంబరు ఉండడం వల్ల యజమానికి టెన్షన్ లేదు, ఇన్‌స్పెక్టర్‌కు వాదన లేదు. మన దగ్గర అలాంటి చేతికందే జాబితా ఉండి ఉంటే మీరు ఈ ప్రశ్న అడగాల్సిన పనే ఉండేది కాదు. అది వచ్చేదాకా కంపెనీ కాగితమే మన నంబరు అనుకోండి.

ఇప్పుడు బావగారి బీఎస్-6 బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన బండ్లలో టర్బో తర్వాత పెద్ద పెట్టె ఉంటుంది. అందులో ఆక్సిడేషన్ క్యాటలిస్ట్, మసి పట్టే డీపీఎఫ్, యూరియాతో పనిచేసే ఎస్‌సీఆర్ ఉంటాయి. డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఒత్తిడి ఎంతో సెన్సర్ చూస్తూ ఉంటుంది. ఆ తేడాను బట్టే మసి ఎంత నిండిందో, ఎప్పుడు కాల్చాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. చాలా బీఎస్-6 లారీల్లో పొగ గొట్టంలో కంపెనీ పెట్టిన రేకు ఇప్పటికే ఉంటుంది. అది ఘాట్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్‌గా పనిచేస్తుంది, మిగతా సమయంలో కొంచెం మూసుకుని పొగను వేడిగా ఉంచి డీపీఎఫ్ కాల్చడానికి సాయపడుతుంది. దాన్ని నడిపేది ఈసీయూ. మీరు ఇంకో రేకు పెడితే ఈసీయూకు తెలియని ఒత్తిడి, తెలియని వేడి పుడతాయి. తప్పు కోడ్లు వస్తాయి, పవర్ తగ్గించేస్తుంది, లోడుతో ఘాట్ ఎక్కలేక మధ్యలో నిలబడిపోతుంది. ఆయన బండిలో కంపెనీ ఎగ్జాస్ట్ బ్రేక్ ఉండి పట్టకపోతే దాన్నే బాగుచేయించమనండి. మసి పట్టిన రేకో, గాలి వాల్వో, స్విచ్చి వైరో అయి ఉంటుంది.

ఈ మాటలోనే ఇంకోటి. డీపీఎఫ్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టి, సాఫ్ట్‌వేర్ మార్చి "ఇక సమస్యే ఉండదు" అనే షాపుల దగ్గరికి దయచేసి వెళ్లనివ్వకండి. ఆ మసి మన ఊళ్ల మీదే, మన పిల్లల ఊపిరితిత్తుల్లోనే పడుతుంది. ఘాట్‌లో బ్రేకు బలం నిజంగా చాలకపోతే, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పనిచేసే విద్యుదయస్కాంత రిటార్డర్లు అనే దారి ఒకటుంది. అవి పొగ గొట్టాన్ని ముట్టుకోవు. బరువు, ఖర్చు ఎక్కువ, వాటికీ తయారీదారు ఒప్పుకోలు కావాలి.

పెట్టించాక ఎలా వాడాలో డ్రైవరుకు కూర్చోబెట్టి చెప్పండి. కడప వైపు దిగడానికి ముందు గువ్వలచెరువులో పాలకోవా కోసం ఎలాగూ ఆపుతారు. అక్కడే గేరు నిర్ణయించుకుని బయలుదేరాలి. దిగడం మొదలయ్యాక గేరు తగ్గించాలనుకుంటే ఆలస్యమైనట్టే. మీ బండికి మూడో గేరులో 30 దగ్గర ఆర్‌పీఎం ఎంత ఉంటుందో చూసుకోండి. ఎర్ర గీత దాటకుండా, దానికి దగ్గరగా ఉండే గేరు సరైంది. ఎగ్జాస్ట్ బ్రేక్ వేగాన్ని పట్టి ఉంచుతుంది. మలుపుల ముందు మాత్రం కాలి బ్రేకు గట్టిగా, కొద్దిసేపు నొక్కి వదలాలి. సన్నగా తొక్కిపట్టి దిగితే డ్రమ్ములకు చల్లారే సమయం ఉండదు. న్యూట్రల్‌లో దింపే అలవాటు ఉన్న డ్రైవరైతే ఎగ్జాస్ట్ బ్రేక్ ఉన్నా లేనట్టే, ఇంజిన్‌కు చక్రాలకు సంబంధమే ఉండదు కాబట్టి.

పొల్యూషన్ టెస్టుకు చల్లటి బండితో వెళ్లకండి. ముందు కొంత దూరం లోడు మీద హైవేలో నడిపి వెళ్తే గొట్టంలో పట్టిన మసి పోతుంది, ఆయిల్ వేడెక్కుతుంది. ఘాట్ దిగీ దిగగానే టెస్టుకు పోవడం కూడా మంచిది కాదు, రేకు మూసి దిగిన వెంటనే తొలి తొక్కుళ్లలో పొగ ఎక్కువ రావచ్చు. ముందురోజు ఎయిర్ ఫిల్టర్, పైన చెప్పిన లివరు పరీక్ష, ఫ్లాంజి లీకులు చూసుకోండి. టెస్టు సమయంలో ఎగ్జాస్ట్ బ్రేక్ స్విచ్చి ఆఫ్‌లో ఉందని మీరే చెయ్యి పెట్టి చూసుకోండి. మీ బండికి ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ రెండేళ్లకోసారి కాకుండా ఏటా వస్తుంది. కాబట్టి లివరు పరీక్షను ప్రతి ఆయిల్ మార్పిడితో కలిపేసుకుంటే విడిగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

మీ ఇంజిన్ ప్లేటు మీద ఉన్న మోడల్ కోడ్, బండికి యూరియా ట్యాంకు ఉందా లేదా అన్నది రాయండి. టర్బో దగ్గర గొట్టం కనబడేలా ఒక ఫోటో కూడా పెడితే, కిట్ పట్టే చోటు ఉందో లేదో, డీలరును ఏం అడగాలో చూసి చెబుతాను. అప్పటిదాకా ఆ స్క్రాప్ ముక్కకు అడ్వాన్సు ఇవ్వకండి.